అప్‌డేటయ్యాక మైకు కనబడట్లేదు

ప్రశ్న (గజపతినగరం, విజయనగరం జిల్లా): అన్నా, మా తాత తప్పెటగుళ్లు ఆడేవోడు, డెబ్బై దాటీసాయి, ఇప్పుడు ఎగరలేడు గానీ పాట మాత్రం మర్చిపోలేదు, ఒంట్లో బాగున్న రోజు కూచోబెట్టి రికార్డు చేస్తన్నాను. పాత డెస్క్‌టాపు, లినక్సు, యూఎస్‌బీ మైకు, స్క్రిప్టులో రికార్డు చేసే ఏరికార్డ్ కమాండుకి హెచ్‌డబ్ల్యూ:1,0 (ఒకటో సౌండు కార్డు, సున్నా డివైసు) అని రాసీసుకున్నాను, రెండేళ్లు బానే నడిచింది. మొన్న అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొడితే అలాంటి ఫైలే లేదంటంది. సౌండు పరికరాల ఫైళ్లుండే /డెవ్/ఎస్ఎన్‌డీ ఫోల్డర్‌లో చూస్తే ఫైళ్ల పేర్లే మారిపోనాయి. ఎవరో చెప్తే ఛ్‌మాడ్ 666 (ఆ ఫైళ్లని ఎవరైనా వాడుకునేలా పర్మిషన్) కొట్టాను, మళ్లీ ఆన్ చేసేసరికి మామూలే. ఆదివారం పాడతానన్నాడు, ఏటి చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, కంగారు పడకు, మైకుకి ఏటీ కాలేదు. కార్డు నంబరు అంటే డాక్టరు దగ్గర టోకెన్ లాంటిది, ముందొచ్చినోడికి 0, తర్వాతోడికి 1. కొత్త కెర్నల్‌లో (లినక్సుకి గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్లు లేచే వరస మారిందంటే నంబర్లూ మారతాయి. నీ ఫోల్డర్‌లో పీసీఎంసీ1డీ0సీ అని ఉండాలి కదా, అందులో సీ1 అంటే ఒకటో కార్డు, డీ0 అంటే సున్నా డివైసు, చివర సీ ఉంటే రికార్డింగు, పీ ఉంటే ప్లేబ్యాకు. ఇప్పుడు ఒకటో నంబరు మానిటర్‌కెళ్లే హెచ్‌డీఎంఐ సౌండుకి వెళ్లిపోయుంటాది, దానికి చివర పీ ఉన్న ఫైళ్లే ఉంటాయి, సీ ఉండదు, అందుకే ఫైలు లేదన్నాది.

క్యాట్ /ప్రాక్/ఏసౌండ్/కార్డ్స్ కొట్టి చూడు (టెర్మినల్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే). మైకు ఉన్న వరసలో నంబరు పక్కన చదరపు బ్రాకెట్లో ఒక పేరుంటాది. స్క్రిప్టులో 1,0 తీసీసి హెచ్‌డబ్ల్యూ:కార్డ్=ఆ పేరు,డెవ్=0 అని పెట్టు, హెచ్‌డబ్ల్యూ చిన్నక్షరాల్లో, కార్డ్, డెవ్ మాత్రం పెద్దక్షరాల్లో. ఇంక నంబరు ఎటు పోయినా నీకు పనిలేదు. ఒకే రకం మైకులు రెండు పెడితే మాత్రం పేర్లు డివైస్, డివైస్_1 అని వస్తాయి, అక్కడ మళ్లీ ముందెవరొచ్చారన్నదే లెక్క, అలాంటప్పుడు యూడెవ్ (పరికరాలు తగిలించగానే వాటి సంగతి చూసే ప్రోగ్రాం) రూల్ రాసి ఏ పోర్టులో ఉన్న మైకుకి ఏ పేరో మనమే పెట్టీయాలి.

ఛ్‌మాడ్ ఎందుకు నిలవలేదంటే, /డెవ్ లో ఫైళ్లు డిస్కు మీద ఉండేవి కాదు, ఆన్ చేసిన ప్రతిసారీ కొత్తగా పుడతాయి. అయినా 666 వద్దు తమ్ముడూ, ఆ మెషీన్‌లో ఏ యూజరైనా మీ ఇంట్లో మాటలు వినగలడు. ఎదురుగా కూచుని లాగిన్ అయినోడికి మామూలుగా పర్మిషన్ దానంతటదే వస్తాది. టైముకి దానంతటదే నడిపే క్రాన్‌లోంచో, దూరంనుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లోంచో నడిపితేనే ఆడియో గ్రూపులో చేరాలి, సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఆడియో తర్వాత నీ యూజర్ పేరు. -ఏజీ లో ఏ అక్షరం మర్చిపోయావో మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో (అడ్మిన్ హక్కు) కూడా పోవచ్చు, చాలామంది అక్కడే ఇరుక్కున్నారు.

ఇంకో మాట, తప్పెట రొమ్ము మీద మోగితే దెబ్బ గట్టిగా ఉంటాది, సౌండు లెవెళ్లు దిద్దే ఆల్సామిక్సర్‌లో ఎఫ్6 కొట్టి మైకు కార్డు ఎంచుకుని ఎఫ్4 తో క్యాప్చర్ చూడు, లెవెల్ బాగా దించు. మెల్లగా పడిన పాటని తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన సౌండుని ఎవరూ అతికించలేరు. శనివారం రాత్రే రీస్టార్ట్ చేసి పది సెకన్లు రికార్డు చేసి విను, తాత పాడే వరకూ మళ్లీ అప్‌డేట్ ముట్టుకోకు.

ప్రశ్న (ఆమదాలవలస): పాత ప్రోగ్రాం ఒకటి /డెవ్/డీఎస్‌పీ లేదంటంది.

జవాబు: అది లినక్సులో సౌండుకి పాతకాలం ఓఎస్ఎస్ పద్ధతి ఫైలండీ. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నల్ నుంచి దాని బదులొచ్చిన ఆల్సాదే రాజ్యం, కొన్నాళ్లకి చాలా డిస్ట్రోలు (లినక్సు రకాలు) ఆ ఫైలు ఇవ్వడమే మానీసాయి. ప్రోగ్రాం పేరుకి ముందు పీఏడీఎస్‌పీ అని పెట్టి నడపండి, అది ఆ సౌండుని పల్స్ ఆడియో అనే సౌండు సర్వర్‌కి మళ్లిస్తాది, పల్స్ ఆడియో యుటిలిటీస్ ప్యాకేజీలో దొరుకుతాది.