యూదుల ప్రాచీన ధర్మశాస్త్రం ఈ కాలపు నీతికి పనికొస్తుందా?

‘కంటికి కన్ను’ అనే చట్టంతో ఇప్పుడేం పని అని అడిగారు. ఆ మాటకొస్తే రబ్బీలు, అంటే యూదు మతగురువులు, దాన్ని ఏనాడో డబ్బు లెక్కలోకి మార్చేశారు. గాయపరిచినవాడు నష్టం, నొప్పి, వైద్యం, పోయిన పనిరోజులు, అవమానం, ఈ ఐదింటికీ కట్టాలని రబ్బీల పాత చట్టాల సంకలనం మిష్నాలో ఉంది. నాకు బాగా తెలిసింది మాత్రం కూలి సంగతి.

నిజామాబాద్ నుంచి మొదట గల్ఫ్‌కి వెళ్లాను. ఓ కంపెనీ నాలుగు నెలల జీతం ఆపేస్తే గట్టిగా అడగడానికే భయమేసేది. తర్వాత ఇజ్రాయెల్‌లో ఒక పెద్దాయనకి ఆరేళ్లు కేర్‌గివర్‌గా చేశాను. సబా అని పిలిచేవాణ్ని, హీబ్రూలో తాత అని.

ఒకసారి జీతం రోజు శుక్రవారం పడింది. పొద్దుగూకితే సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం, ఇక డబ్బు ముట్టుకోరు. ఏటీఎంలో ఆయన కార్డు పనిచేయలేదు. “ఆదివారం ఇవ్వండి సబా, కొంపేం మునగదు” అన్నాను. వింటేగా! వాకర్ పట్టుకుని అపార్ట్‌మెంట్‌లో మూడు తలుపులు కొట్టి అప్పు తెచ్చారు. చివరి నలభై షెకెళ్లకి నోట్లు దొరక్క, నాలుగు పది షెకెళ్ల బిళ్లలు టేబుల్ మీద వరసగా పేర్చారు.

వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథంలో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉందట: కూలివాడు పేదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుంటాడు, సొంతవాడైనా పరదేశి అయినా పొద్దుగూకకముందే ఇచ్చెయ్యాలి.

“కూలివాడు అడక్కపోతే యజమానికి తప్పు అంటదని మిష్నా చెబుతుంది. కానీ నువ్వు మొహమాటానికి అడగవు కదా” అన్నారు సబా.

సందు ఉందని తెలిసీ అందులోంచి దూరలేదు చూడండి, నాకు నచ్చింది అదే. మిష్నా మీద రబ్బీల చర్చలుండే తాల్ముద్‌లోనూ ఇలాంటి కథ ఒకటి ఉందని చెప్పారాయన. రబ్బా బర్ బర్ హన్నా అనే పండితుడి ద్రాక్షసారా పీపాని కూలీలు పగలగొడితే, ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. బట్టలు ఇచ్చెయ్యమన్నాడు రవ్ అనే పెద్ద రబ్బీ. పొద్దంతా కష్టపడ్డాం, ఆకలేస్తోందని వాళ్లు మొరపెట్టుకుంటే కూలి కూడా ఇవ్వమన్నాడు. “ఇదీ చట్టమేనా?” అన్నాడు రబ్బా. “చట్టమే” అన్నాడు రవ్.

1958 నాటి ఇజ్రాయెల్ జీతాల చట్టంలో జీతం ఆలస్యం చేయడాన్ని ‘హలానత్ సఖార్’ అంటారు. కూలిని రాత్రంతా మన దగ్గర ఉంచేసుకోవడం అని అర్థం, అదే ధర్మశాస్త్రంలోని లేవీయకాండం 19వ అధ్యాయం నుంచి వచ్చిన మాట.

అలాగని అంతా గొప్పే అనను. బానిసల్ని ఉంచుకోవచ్చని కూడా ఆ ధర్మశాస్త్రంలోనే ఉంది. ఇంట్లోనే ఉండి చేసే కేర్‌గివర్లకి ఓవర్‌టైమ్ చట్టం వర్తించదని అక్కడి సుప్రీంకోర్టు 2009లో తేల్చింది, 2013లో మళ్లీ అదే మాట. ఆ రెండో తీర్పు పేపర్లో చూపిస్తే సబా మొత్తం చదివి, మడిచి పక్కన పెట్టారు. ఏమీ అనలేదు.