సకశేరుకంలో ‘సక’ అంటే ఏంటి?

సందేహం: వెర్టిబ్రేట్ అనే ఇంగ్లిష్ మాటకి మా బాబు పుస్తకంలో సకశేరుక జంతువులు అని ఉందండి. ఇందులో సక ఏంటి, శేరుక ఏంటి? వెన్నెముక ఉన్న జంతువులు అంటే సరిపోదా?

సమాధానం: ముందు ఆ మాటని అక్కడ విరవకండి. చాలామంది అలాగే సక దగ్గర ఆగి చదువుతారు, దాంతో పిల్లలకి అది అర్థంలేని బట్టీ మాటైపోతోంది, నాకు బాధగా ఉంటుంది. అది స + కశేరుక. సకుటుంబంలో ఉన్న ‘స’నే ఇదీ, కూడిన అని అర్థం. కశేరుక సంస్కృతం, అమరకోశంలో వీపు ఎముకకి ఇదే పేరు, సైన్సు పుస్తకాలవాళ్ళు ఒక్కో వెన్నుపూసకి వాడుతున్నారు. పూసలు లేనివి అకశేరుకాలు.

ఇంగ్లిష్ మాటకి మూలం లాటిన్‌లో తిరగడం అనే క్రియ, మన వర్తులం, ఆవర్తం దానికి దూరపు చుట్టాలే. మెడ తిప్పాలన్నా నడుం వంచాలన్నా ఆ కీళ్ళే కదా, వాళ్ళు కదలికని చూసి పేరు పెట్టారు, మనవాళ్ళేమో దండలో గుచ్చినట్టున్న ఆకారం చూసి పూస అన్నారు, ఎంత చక్కటి మాటండీ అది!

ఇక వెన్నెముక ఉన్న జంతువులు అనొచ్చా అంటే మామూలు మాటల్లో హాయిగా అనొచ్చు. కానీ సొరచేప ఉంది చూశారా, దానికి గట్టి ఎముకే ఉండదు, ఒళ్ళంతా మృదులాస్థే, అయినా అది సకశేరుకమే, ఎందుకంటే ఆ మెత్తటిదాంతోనే పూసల వరుస ఉంటుంది. అందుకే నేనైతే వెన్నుపూసలున్న జంతువులు అని చెప్తాను. చాలా పాములకి 200 పైనే పూసలుంటాయి, వానపాముకి పేరులో పామున్నా ఒక్క పూసా లేదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తే మీ బాబు ఇంక మర్చిపోడు.

వాడుక సంగతి. ఇంగ్లిష్‌లో నామవాచకానికీ విశేషణానికీ వెర్టిబ్రేట్ అనే ఒకటే రూపం. మనకి అలా కాదు, విశేషణమైతే సకశేరుక జంతువు, విడిగా పేరైతే సకశేరుకం. సకశేరుకాల జంతువులు అని రాస్తున్నారు కొందరు, అది తప్పు. వెర్టిబ్రల్ అనేది మళ్ళీ వేరు, అది జంతువుకి కాదు, పూసకి సంబంధించిన మాట, నడుం నొప్పికి స్కాన్ తీయిస్తే రిపోర్టులో కనిపించేది అదే.