సున్నాతో భాగించమంటే మరమనిషి బుర్ర పేలిపోతుందా?

మీ ప్రశ్న ఇది: కథలోని ఒక ఆండ్రాయిడ్‌ని (ఫోను కాదు లెండి, మనిషి రూపంలో ఉండే యంత్రం) ఒక సంఖ్యను సున్నాతో భాగించమంటే, ఆ సంగతి దానికి అర్థమవుతుందా, లేక చెవుల్లోంచి పొగలొచ్చి కూలబడుతుందా?

పొగలు రావు. పాతకాలపు మెకానికల్ కాలిక్యులేటర్లయితే కొంత నిజమే. అవి భాగహారాన్ని పదే పదే తీసివేతలుగా చేసేవి. సున్నాను ఎన్నిసార్లు తీసేసినా ఏమీ తగ్గదు కాబట్టి, ఎవరో ఒకరు ఆపేదాకా చక్రాలు గిరగిరా తిరుగుతూనే ఉండేవి. ఇప్పటి ప్రాసెసర్లలో ఒక్కోదానిది ఒక్కో తీరు. పూర్ణాంకాన్ని సున్నాతో భాగించమంటే ఇంటెల్ రకం చిప్ ఎర్రర్ ఇస్తుంది. 64 బిట్ల ఆర్మ్ చిప్ అయితే కిక్కురుమనకుండా 0 చేతిలో పెడుతుంది. దశాంశాల లెక్కలకు 1985లో ఐఈఈఈ 754 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం 1ని 0తో భాగిస్తే అనంతం, 0ని 0తో భాగిస్తే 'నాన్', అంటే 'ఇది సంఖ్య కాదు' అని.

అంటే మీ ఆండ్రాయిడ్ దగ్గర జవాబు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. కానీ అది అర్థం చేసుకోవడం కాదు. ఈ తేడా నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒకసారి నెలవారీ సగటులు కట్టే ప్రోగ్రామ్ రాశాను. ఒక విభాగంలో ఆ నెల ఒక్క ఎంట్రీ కూడా లేదు. మొత్తం 0, ఎంట్రీలు 0, సగటు నాన్. నాన్‌కి ఏది కలిపినా నాన్ అవుతుంది కాబట్టి కింద గ్రాండ్ టోటల్ దాకా అదే పాకింది. 'సగటు నాన్‌కి సమానమైతే వదిలెయ్' అని ఒక లైను చేర్చాను. పని చెయ్యలేదు. రెండు రోజులు టెన్షన్‌తో జుట్టు పీక్కున్నాక తెలిసిందేమిటంటే, నాన్ దేనికీ సమానం కాదు, తనకు తానే సమానం కాదు! ప్రమాణంలోనే అలా రాసి ఉంది. 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో ఇంతకన్నా పెద్ద ముప్పే వచ్చింది. డేటాబేస్‌లో ఎవరో వేసిన ఒక సున్నాతో భాగహారం జరిగి, నౌకను నడిపే వ్యవస్థే ఆగిపోయింది. నాది రిపోర్టుతో పోయింది.

సరే, అర్థం కావడం అంటే ఏమిటి? ఆరుని రెండుతో భాగించడమంటే, రెండుని దేంతో గుణిస్తే ఆరు వస్తుందో వెతకడం. ఆరుని సున్నాతో భాగించమంటే అలాంటి సంఖ్య ఒక్కటీ దొరకదు. సున్నాని సున్నాతో భాగించమంటే ప్రతి సంఖ్యా సరిపోతుంది. ఒకచోట జవాబే లేదు, రెండోచోట జవాబులు మరీ ఎక్కువ. రెండూ వేర్వేరు రోగాలు, మనం మాత్రం రెండింటికీ 'నిర్వచితం కాదు' అనే ఒకే చీటీ అంటిస్తాం.

మా అక్క కొడుక్కి ఇదే చెబుతుంటే వాడు ఒప్పుకోలేదు. 'మావయ్యా, అనంతం అనేస్తే పోలా?' అన్నాడు. కాలిక్యులేటర్‌లో 1ని 0.1తో, 0.01తో, 0.001తో భాగించి చూపించాడు: 10, 100, 1000. అదే పని మైనస్ 0.1తో, మైనస్ 0.01తో చెయ్యమన్నాను. మైనస్ 10, మైనస్ 100. ఒకే సున్నా దగ్గరికి రెండు వైపుల నుంచి వస్తుంటే, జవాబులు చెరో దిక్కుకీ పరిగెత్తాయి. వాడు కాసేపు చూసి, 'ఆ రెండు చివర్లనీ కలిపి ముడేస్తే?' అన్నాడు. నేను నోరు తెరిచాను. గణితంలో రీమాన్ గోళం అనేదాంట్లో చేసేది సరిగ్గా అదే, అన్ని దిక్కుల అనంతాలనూ ఒకే బిందువుగా కలిపేస్తారు. అక్కడ 1ని 0తో భాగించడం తప్పు కాదు. 0ని 0తో భాగించడం మాత్రం అక్కడా కుదరదు.

అంటే జవాబు మనం పెట్టుకున్న నియమాలను బట్టి మారుతుందన్నమాట. మీ ఆండ్రాయిడ్ 'ఏ నియమాల ప్రకారం?' అని తిరిగి అడిగితే దానికి అర్థమైనట్టే. మనుషులకీ ఇదేమీ ఒక్కరోజులో తేలలేదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు సున్నా హారంగా ఉన్న రాశికి ఖహరం అని పేరు పెట్టి, దానికి ఎంత కలిపినా తీసినా మారదన్నాడు. మన కంప్యూటర్లలో అనంతానికి ఒకటి కలిపినా అనంతమే.

కథ మీరే రాస్తున్నట్టయితే నాదొక సలహా. పొగలు వద్దు. దాన్ని ప్రశాంతంగా జవాబు చెప్పనివ్వండి, మామూలుగా తిరగనివ్వండి. ఆ నాన్ లోపల ఎక్కడో మెల్లగా పాకుతుంటుంది. సాయంత్రం ఎవరో వచ్చి 'నువ్వు పొద్దున చూసిన నువ్వేనా?' అని అడుగుతారు. అది లెక్క చూసుకుని, ఏ తడబాటూ లేకుండా, 'కాదు' అంటుంది.