డాలరున్నరతో మొదలైన స్కూలు

ప్రశ్న: మేరీ మెక్లౌడ్ బెత్యూన్ నిజంగా ఒకటిన్నర డాలరుతోనే స్కూలు పెట్టారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అవునమ్మా, అమెరికాలో నల్లజాతి పిల్లల చదువు కోసం పాటుపడిన ఆవిడ చేతిలో అప్పుడు ఉన్నది అంతే. 1904 అక్టోబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, ఐదుగురు నల్లజాతి ఆడపిల్లలతోనూ తన కొడుకుతోనూ బడి మొదలుపెట్టారు. కాల్చిన పుల్లలే పెన్సిళ్లు, ఎల్డర్‌బెర్రీ పళ్ల రసమే సిరా. డబ్బుల కోసం చిలగడదుంపతో పైలు అనే తీపి వంటకం చేసి అమ్మేవారు, అదొక్కటే కాదు, ఊళ్లో డబ్బున్న తెల్లవాళ్ల ఇళ్లకు వెళ్లి విరాళాలు అడగడానికీ మొహమాటపడలేదు.

ఆవిడ 1875లో సౌత్ కరోలినాలో పుట్టారు, పదిహేడు మంది పిల్లల్లో పదిహేనో ఆవిడ, అమ్మానాన్నలిద్దరూ ఒకప్పుడు బానిసలు. ఆ ఇంట్లోంచి వచ్చి ఇంత చేశారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ బడే 1923లో కుక్‌మన్ ఇన్‌స్టిట్యూట్ అనే మరో విద్యాసంస్థతో కలిసింది, ఇవాళ బెత్యూన్-కుక్‌మన్ యూనివర్సిటీ. నల్లజాతివాళ్లు ఓటు వేయకూడదని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా మనుషులు స్కూలు మీదికి వచ్చి బెదిరించినా ఆవిడ తగ్గలేదు, తనవాళ్లచేత ఓటు వేయించారు. 1935లో నల్లజాతి మహిళల జాతీయ మండలిని స్థాపించారు, తర్వాత అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో నల్లజాతి యువత వ్యవహారాల విభాగానికి అధిపతి అయ్యారు. 2022 నుంచి అమెరికా పార్లమెంటు భవనంలో ఫ్లోరిడా తరఫున నిలబడి ఉన్న రెండు విగ్రహాల్లో ఒకటి ఆవిడదే.