సందేహం – సమాధానం: శరణార్థుల సేవలో చేరడం ఎలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడిగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడినా, చుట్టుపక్కల వారి వల్ల చిన్నప్పటి నుంచీ తమిళం అలవడింది. శరణార్థులకు సహాయం చేసే సంస్థలో వారానికి రెండు రోజులు ఉచితంగా పనిచేయాలని ఉంది. రెండు పెద్ద సంస్థలకు ‘ఏ పని ఇచ్చినా చేస్తాను’ అని ఉత్తరాలు వ్రాశాను, జవాబు రాలేదు. మన జిల్లాలో చూద్దామంటే శరణార్థులు ఎక్కడా కనిపించరు. నా వంటి వారికి దారి ఏమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మీరు జిల్లా ఎల్ల దాటి చూడవలసి ఉంది, అదీ ఎక్కువ దూరం కాదు. చిత్తూరుకు సుమారు 35 కిలోమీటర్లలో ఉన్న వేలూరు దగ్గర మేల్‌మొణవూరులో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. తమిళనాడు శిబిరాలలో కొత్త ఇళ్ల నిర్మాణానికి 2021 నవంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ శంకుస్థాపన చేసింది అక్కడే. తూర్పు వైపున తడ దాటి రాష్ట్ర సరిహద్దు గడిచాక కొద్ది దూరంలో వచ్చే గుమ్మిడిపూండిలో మరో శిబిరం ఉంది. 1983 జులైలో శ్రీలంకలో చెలరేగిన హింస తరువాత సముద్రం దాటి వచ్చినవారు, ఇక్కడే పుట్టిన వారి పిల్లలు, మనుమలు కలిపి 50 వేలకు పైగా జనం తమిళనాడులోని 100కు పైగా శిబిరాలలో ఈనాటికీ నివసిస్తున్నారు. వైద్యానికని వేలూరు బస్సెక్కడం మన జిల్లావాసులకు తరతరాల అలవాటే అయినా, ఆ ఊరి అంచునే ఇంతకాలంగా ఒక శిబిరం ఉన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

అయితే శిబిరం దగ్గరగా ఉన్నది కదా అని నేరుగా వెళ్లి పాఠం మొదలుపెట్టడానికి వీలుండదు. శరణార్థుల విషయమై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికపై గాని, దానికి అనుబంధంగా 1967లో వచ్చిన ఒప్పందంపై గాని భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టమూ లేదు. అందువల్ల ఏ దేశం నుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఒక్కొక్క సమూహానికి ఒక్కొక్క ఏర్పాటు నడుస్తున్నది. శ్రీలంక తమిళుల, టిబెటన్ల బాగోగులను ప్రభుత్వాలే చూస్తాయి. అఫ్ఘానిస్తాన్, మయన్మార్ వంటి దేశాల నుంచి వచ్చినవారిని నమోదు చేసుకునే పని ఐక్యరాజ్య సమితి శరణార్థుల విభాగం ఢిల్లీ కార్యాలయం చేస్తుంది. తమిళనాడు శిబిరాలు ఆ రాష్ట్ర ప్రభుత్వ పునరావాస శాఖ అధీనంలో ఉంటాయి, వాటిపై పోలీసు నిఘా కూడా ఉంటుంది. కనుక బయటివారు లోపల పనిచేయాలంటే అక్కడ ఇప్పటికే అనుమతితో పనిచేస్తున్న సంస్థ ద్వారానే వెళ్లాలి.

అటువంటి వాటిలో మీరు మొదట సంప్రదించవలసినది ‘ఆఫర్’ అని పిలిచే ఈళ (అంటే శ్రీలంక తమిళ) శరణార్థుల పునరావాస సంస్థ. శ్రీలంక తమిళ నాయకుడు చెల్వనాయగం కుమారుడు చంద్రహాసన్ 1984లో చెన్నైలో దీనిని స్థాపించారు. ఇందులో పనిచేసేవారిలో అత్యధికులు శరణార్థులే. మీరు వెళ్లేది ఏమీ తెలియని దీనుల మధ్యకు కాదని, నాలుగు దశాబ్దాలుగా తమ పిల్లల చదువును, ఆరోగ్యాన్ని తామే నడుపుకొంటున్న వారి మధ్యకని ముందే గ్రహిస్తే మీ పని సులువవుతుంది. రెండవది, 1980లో మొదలై అనేక దేశాలలో పనిచేస్తున్న జెసూట్ రెఫ్యూజీ సర్వీస్. తమిళనాడు శిబిరాలలో పిల్లల చదువుకు సంబంధించిన పని ఇది కూడా చేసింది. ఇది క్రైస్తవ గురువుల సంస్థే అయినా, సేవను అందరికీ అందిస్తుంది.

ఇక మీ ఉత్తరాలకు జవాబు ఎందుకు రాలేదో ఊహించడం కష్టం కాదు. ‘ఏ పని ఇచ్చినా చేస్తాను’ అన్న మాటలో వినయం ఉన్నది గాని, దానిని చదివే కార్యాలయ ఉద్యోగికి అది భారంగా తోస్తుంది. మీకు ఏమి చేతనవునో విచారించి, తగిన పని వెదికి, ఎవరితో కలిపి పంపాలో నిర్ణయించే శ్రమ అంతా ఆయన మీద పడుతుంది. ఈసారి ఉత్తరం ఒక్క పుటకు మించకుండా వ్రాయండి. ఎనిమిది నుంచి పన్నెండవ తరగతి వరకు గణితం చెప్పగలనని, తమిళం మాట్లాడతానని, చదవడం వ్రాయడం ఎంతవరకు వచ్చునో దాపరికం లేకుండా చెబుతున్నానని, ఫలానా రెండు రోజులు సాయంత్రం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు వేలూరు వరకు నా ఖర్చులతో రాగలనని, కనీసం ఒక విద్యా సంవత్సరం మానకుండా కొనసాగుతానని స్పష్టంగా తెలపండి. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, వారిలో ఒకరు మీరు పనిచేసిన పాఠశాల ప్రధానోపాధ్యాయులైతే మరీ మంచిది, ఉత్తరం చివర చేర్చండి. జీవితమంతా పడిన కష్టం, సేవాభావం, చిన్ననాటి ఆదర్శాలు ఆ ఉత్తరంలో అక్కరలేదు. రెండు వారాలకు జవాబు రాకపోతే ఫోన్ చేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. చిన్న సంస్థలలో ఒకే వ్యక్తి లెక్కలు, ఉత్తరాలు, శిబిరం పర్యటనలు అన్నీ చూసుకుంటూ ఉంటారు.

మీరు గణితోపాధ్యాయులు గనుక ఒక విషయం విపులంగా చెప్పాలి. శిబిరంలోని పిల్లలు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో, ఆ రాష్ట్ర పాఠ్యప్రణాళిక ప్రకారం చదువుతారు, పెక్కుమందికి మాధ్యమం తమిళమే. మాట్లాడే తమిళం ఎంత ధారాళంగా వచ్చినా, భిన్నం, సమీకరణం, లంబం, వ్యాసార్ధం వంటి మాటలను ఆ పిల్లల పుస్తకంలో ఏమంటారో తెలియకుండా నల్లబల్ల ముందు నిలబడితే మొదటి పది నిమిషాలకే తడబాటు తప్పదు. తమిళనాడు పాఠ్యపుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితం పుస్తకాలను దించుకొని, తమిళ లిపి తడుముకొనే స్థితిలో ఉంటే ముందుగా దానికి కొన్ని వారాలు కేటాయించండి. నగరి, కుప్పం ప్రాంతాలలో తమిళ మాధ్యమంలో చెప్పిన ఉపాధ్యాయ మిత్రులు మీకు ఉండే ఉంటారు. వారి దగ్గర కూర్చుంటే ఆ పని సగం కాలంలో తీరుతుంది. పదవ తరగతి, పన్నెండవ తరగతి పిల్లలకు పరీక్షల ముందు నెలలలో లెక్కల సాయం చాలా అవసరమవుతుంది కనుక, మీరు జూన్ నాటికే చేరి పిల్లలతో పరిచయం పెంచుకోవడం మంచిది. జనవరిలో వచ్చి మార్చిలో వెళ్లిపోయే మాస్టారును పిల్లలు గౌరవిస్తారు గాని తమకు రాని లెక్కను ఆయన ముందు ఒప్పుకోరు.

పిల్లలతో పని గనుక ఆధార్ నకలు, పోలీసు ధ్రువీకరణ అడుగుతారు. ఇన్నేళ్లు ఉపాధ్యాయుడిగా ఉన్నవారిని ఇలా అడగడమేమిటని నొచ్చుకోవద్దు. అవేవీ అడగకుండా పిల్లల మధ్యకు పంపే సంస్థనే అనుమానించాలి. ఎవరినీ ‘మీరు ఎలా వచ్చారు, ఎవరిని పోగొట్టుకున్నారు’ అని అడగకండి, వారంతట వారు చెబితే వినండి. ఫొటోలు తీయకండి. పౌరసత్వం గురించి ఆశలు అసలే పెట్టకండి. కొత్త వలసలు, విదేశీయుల చట్టం కింద 2025లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, 2015 జనవరి 9లోగా వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేనందుకు పడే శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అది పౌరసత్వం మాత్రం కాదు. డిగ్రీ, ఇంజనీరింగు చదివిన శిబిరం యువతకు ప్రభుత్వోద్యోగం దొరకనిది అందుకే. దాన్ని తీర్చడం మీ చేతిలో లేదు, లెక్కలు మాత్రం మీ చేతిలో ఉన్నాయి.

ప్రశ్న: నేను తిరుపతిలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. ఇల్లు వదలి వెళ్లే వీలు లేదు. ఐక్యరాజ్య సమితి వాలంటీరుగా తీసుకుంటామని, గుర్తింపు కార్డుకు ముందుగా రుసుము కట్టాలని నాకు వాట్సాప్‌లో సందేశం వచ్చింది. కట్టవచ్చా? ఇంటి నుంచి చేయగల పని ఏదైనా ఉన్నదా?
— విద్యార్థిని, తిరుపతి

జవాబు: కట్టవద్దు. ఐక్యరాజ్య సమితి సంస్థలు ఉద్యోగానికి గాని, స్వచ్ఛంద సేవకు గాని, ఏ దశలోనూ రుసుము తీసుకోవు. ఆ సందేశాన్ని తొలగించకుండా ఉంచి, సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి తెలియజేయండి.

అసలైన దారి, జర్మనీలోని బాన్ కేంద్రంగా ఉన్న ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల విభాగం వెబ్‌సైటులో మీరే స్వయంగా పేరు నమోదు చేసుకోవడం. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఇంటి నుంచే చేయగల ఆన్‌లైన్ పనులు అందులో ఉంటాయి: అనువాదం, పరిశోధన, నివేదికల కూర్పు, చిత్రాల రూపకల్పన వంటివి. ఒక్కొక్క పని గరిష్ఠంగా పన్నెండు వారాలు, వారానికి ఇరవై గంటలకు మించదు. దీనికి జీతం ఉండదు. పోటీ బాగా ఉంటుంది కనుక ఒకటి రెండు తిరస్కారాలకు డీలా పడవద్దు. అనువాదంపై ఆసక్తి ఉంటే ‘ట్రాన్స్‌లేటర్స్ వితౌట్ బోర్డర్స్’ కూడా చూడండి. తెలుగుకు అక్కడ పని తక్కువగా ఉండవచ్చు. మీకు ఉర్దూ వస్తే అవకాశం పెరుగుతుంది.

ఉర్దూ మాట వచ్చింది గనుక చెబుతున్నాను. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు వేల సంఖ్యలో కుటుంబాలతో ఉంటున్నారు. సెలవులలో అక్కడికి వెళ్లాలనుకుంటే, ఆ కుటుంబాలకు చదువు, వైద్యం విషయంలో తోడ్పడే సంస్థల ద్వారా మాత్రమే వెళ్లండి. వారి చట్టపరమైన స్థితి చాలా సున్నితంగా ఉన్నందున, న్యాయ విద్యార్థిని తోచిన సలహా ఇచ్చేస్తే నష్టపోయేది వారే. శరణార్థుల కేసులు చూసే ఢిల్లీ సంస్థ ‘మైగ్రేషన్ అండ్ అసైలం ప్రాజెక్ట్’ వంటి చోట ఇంటర్న్‌గా చేరితే, పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు. దరఖాస్తు చేసే ముందు, నేటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చిన చక్మా శరణార్థుల విషయమై జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రానికి మధ్య నడిచిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును పూర్తిగా చదవండి. ప్రాణానికి, స్వేచ్ఛకు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే రక్షణ పౌరులకే కాక ఈ నేలపై ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. సర్టిఫికెట్ కోసమే అయితే ఇంతకన్నా తేలిక మార్గాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: మా మహిళా బృందంలో పదిమందిమి కుట్టుపని చేస్తాము. శిబిరాలకు పాత బట్టలు సేకరించి పంపుదామంటే, ‘మన ఊళ్లో పేదలు లేరా, పరదేశీయులకు ఎందుకు’ అని కొందరు అడ్డుపడుతున్నారు. ఏమి చెప్పాలి?
— గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: ఊళ్లో పేదలకు సాయం చేసేవారు ఆ మాట అంటే వినవలసిందే, చేయనివారు అంటే పట్టించుకోనక్కరలేదు. మన తెలుగువారూ ఈ బాధ పడినవారే. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు రంగూను నుంచి అడవుల గుండా నడిచి వచ్చినవారిలో తెలుగు కూలీలు వేలమంది. 1962 తరువాత అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేయగా కట్టుబట్టలతో మళ్లీ ఓడలెక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు వారి పేరు మీద నిలిచినదే. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగి వచ్చినవారి కోసమే 1969లో చెన్నై కేంద్రంగా రెప్కో బ్యాంకు పుట్టింది.

పాత బట్టల ఆలోచన మాత్రం మానుకోమంటాను. వాటిని వేరు చేయడానికి, ఉతకడానికి, పనికిరానివి పారవేయడానికి తీసుకున్నవారికే ఖర్చవుతుంది, ఇతరులు విప్పిన బట్ట తొడుక్కోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మీ బృందానికి ఉన్న అసలు సొత్తు కుట్టుపని. బడి తెరిచే ముందు ఎన్ని జతల యూనిఫారాలు, ఏ కొలతలలో, ఏ రంగులో కావాలో పైన చెప్పిన ఆఫర్ వంటి సంస్థను అడిగి, అవసరం ఉందంటేనే గుడ్డ కొనండి. శిబిరంలోని స్త్రీలలో కుట్టుపని వచ్చినవారు ఉంటే, మీరు కుట్టి పంపేకన్నా గుడ్డ, దారం, కూలి మీరు భరించి వారి చేతనే కుట్టించడం మేలు. ఆ కూలి డబ్బు అక్కడి ఇళ్లలోనే ఉంటుంది. చందా నగదుగా ఇస్తే రసీదు తీసుకోండి. ఆ సంస్థకు స్వచ్ఛంద సంస్థల వివరాలు ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య ఉన్నదా, దానికిచ్చే విరాళాలకు ఆదాయపు పన్ను రాయితీ అనుమతి ఉన్నదా అని చూసుకోండి. విదేశాలలో ఉన్న మీ పిల్లలు డబ్బు పంపుతామంటే, వారు అక్కడి పౌరసత్వం తీసుకున్నవారైతే ఆ సొమ్ము విదేశీ విరాళం కిందికి వస్తుంది. అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే దానిని స్వీకరించగలదు కనుక, అది మీ బృందం ఖాతాలో పడకుండా నేరుగా ఆ సంస్థకే వెళ్లేలా చూడండి.