షెడ్‌లో బట్ట సరే, వాష్‌రూమ్‌లో వద్దు

అన్నా, బైక్ షెడ్‌లో టిష్యూ రోల్స్ ఖర్చు పెరిగింది, అన్నిటికీ బట్టే వాడొచ్చా అని అడిగారు కదా. గ్రీజు, ఇంజన్ ఆయిల్‌కి బనియన్ వేస్టే (బనియన్ గుడ్డ ముక్కలు) మేలు. టిష్యూ చేతిలోనే ముక్కలైపోతుంది. కొత్త బట్టయితే ముందు ఉతకండి, గంజి పోతేనే నూనె పీలుస్తుంది. కార్బ్యురేటర్ దగ్గర మాత్రం పోగులు ఊడని గుడ్డ వాడాలి.

పక్కనే చెక్క పని కూడా ఉందన్నారు, నా అసలు టెన్షన్ దాంతోనే. చెక్కకి పూసే అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, వాటంతటవే అంటుకోవచ్చు! పరిచి బయట ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

వాష్‌రూమ్‌లో అందరికీ ఒకే తడి తువ్వాలు వద్దు, క్రిములు పెరుగుతాయి. అక్కడ పేపరే ఉంచండి.