రక్తం మీదికి నెట్టకు

అమ్మాయీ,

నీ కథ అందింది. అమ్మమ్మ నోట "ఆ వంశం రక్తంలోనే ఉందే, వీడూ వాళ్ల బాబాయి దారే" అనిపించావు. రెండు పేజీలు తిరిగేసరికి కుర్రాడు బాబాయిలాగే ఆత్మహత్యతో పోయాడు. అంటే అమ్మమ్మ మాటకి కథ కూడా తలూపేసింది. నాకు కోపం వచ్చింది అక్కడే. వచనం బాగుంది, ఆ సంగతి మరోసారి.

రక్తానికి పాత్ర లేదనను. పెంచిన ఇంటినీ కన్న ఇంటినీ విడదీసి చూడాలంటే దత్తత పిల్లల్ని చూడాలి. డెన్మార్క్‌లో ఆ పని చేసి 1979లో ప్రకటించారు. ఆత్మహత్యతో పోయిన దత్తుల కన్నవైపు బంధువులు 269 మందిలో 12 మంది అలాగే పోయారు. పోలికకి తీసుకున్న మిగతా దత్తుల కన్నవైపు 269 మందిలో ఇద్దరే. తేడా పెద్దదే. కానీ అదే రక్తం ఉన్న మిగతా 257 మంది ఆ దారిన పోలేదు కదా! నీ కథలో వాళ్లలో ఒక్కరైనా ఏరి? ఆ ఇంట్లో బతికి బట్టకట్టిన మేనత్త ఒకావిడ ఉండాలి. ఆమెని రాయి.

ఇక చిన్నతనం. "నాన్న బెల్టుతో కొట్టేవాడు" అని ఒక్క వాక్యం రాసి దాటేశావు. ఎన్నో ఏట మొదలైంది? ఎన్నేళ్లు సాగింది? ఎవరికి తెలుసు? తెలిసినవాళ్లు ఏం చేశారు? అమెరికాలోని శాన్ డియాగోలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లని ఎనిమిది రకాల చిన్ననాటి కష్టాల గురించి అడిగారు. కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, మానసిక వ్యాధి, జైలుకెళ్లినవాళ్లు, తల్లి దెబ్బలు తినడం, తల్లిదండ్రులు విడిపోవడం. 2001లో వచ్చిన లెక్క ప్రకారం ఇవేవీ లేనివాళ్లలో ఆత్మహత్యాప్రయత్నం చేసినవాళ్లు 1.1 శాతం, ఏడు అంతకుమించి ఉన్నవాళ్లలో 35.2 శాతం. ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ పేరుకునే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. నువ్వు బెల్టు ఒక్కటే చూపించావు. ఆ తండ్రి తాగుతాడా? తల్లినీ కొడతాడా?

దెబ్బ ఒంటి మీదే ఆగదు. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు చనిపోయిన 36 మంది మెదళ్లు పరీక్షించి 2009లో ఈ సంగతి చూపించారు. చిన్నప్పుడు హింసకి గురై ఆత్మహత్యతో పోయినవాళ్లలో, ఒత్తిడిని తిరిగి చల్లార్చడంలో పనిచేసే ఒక జన్యువు అణిగిపోయి ఉంది. హింస ఎరగకుండా ఆత్మహత్యతో పోయినవాళ్లలో అలా లేదు. దీన్ని కథలో ఉపన్యాసంగా పెట్టకు. ఆఫీసులో మేనేజరు గొంతు పెంచాడు. పక్క సీటతను టీ తాగొచ్చి మర్చిపోయాడు. నీవాడికి సాయంత్రం దాకా చేతులు చల్లగానే ఉన్నాయి, రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. అంత చాలు.

నీ అసలు కథ ఇంకోచోట ఉంది. బాబాయి పోయినప్పుడు పోలీసులకి ఏం చెప్పి ఉంటారు? "కడుపునొప్పి తాళలేక." పేపర్లోనూ అదే వస్తుంది. తర్వాత ఫోటో గోడ మీద నుంచి దిగుతుంది, ఆయన పేరు ఇంట్లో వినపడదు. పదేళ్లకి కుర్రాడికి నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా..." అని ఆయన అడుగుతాడు. తల్లి వెంటనే "అబ్బే, ఎవరూ లేరండీ" అంటుంది. చెన్నైలో వంద ఆత్మహత్యల్ని పరిశీలించిన 1999 నాటి అధ్యయనంలో తేలిన పెద్ద కారణాలు మూడు: మానసిక వ్యాధి, కుటుంబంలో మానసిక వ్యాధుల చరిత్ర, చనిపోయే ముందు జీవితంలో తగిలిన దెబ్బ. ఆ మూడింటిలో రెండోది డాక్టరుకి అందకుండా చేసింది ఆ ఒక్క మాట. పరువు కోసం అన్నది, పిల్లాడి మీద ప్రేమతోనే అన్నది. ఆ గదిలో నాలుగు పేజీలు కూర్చో.

చివరి రెండు పేరాలు పూర్తిగా కొట్టేయ్. ఎలా పోయాడన్నది పాఠకుడికి అక్కర్లేదు, అదే స్థితిలో ఉన్న పాఠకుడికి అది ప్రమాదం కూడా. వియన్నాలో 1987లో పత్రికలు మెట్రో రైలు ఆత్మహత్యల్ని వర్ణించడం మానుకున్నాక ఆ మరణాలు బాగా తగ్గాయి. మన పోటీల న్యాయనిర్ణేతలు మాత్రం చావుతో ముగిస్తేనే బహుమతి ఇస్తారు. నా కథలో బతికిన పిల్లని చంపెయ్యమని, అప్పుడే ముగింపు పండుతుందని ఒక వారపత్రిక సంపాదకుడు పట్టుబట్టాడు. చంపలేదు. కథ తిరిగొచ్చింది.

ఇంకొకటి. ఏడో పేజీలో "వాడు" ఒకచోట "నేను" అయిపోయింది. అందుకే సూటిగా అడుగుతున్నాను: నీకు చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అనిపిస్తుంటే కథ పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్తే బాబాయి సంగతి దాచకు. నాకూ ఫోన్ చెయ్యి, నంబరు కవరు వెనక రాశాను.

ఆశీస్సులతో.